మూడు నిమిషాల్లో డార్క్ మ్యాటర్

జంషెడ్‌పూర్ నుంచి పాతిక కిలోమీటర్లు పోతే జాదూగూడ. అక్కడి యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ఒక ప్రయోగశాల ఉంది. కోల్‌కతాలోని సాహా అణుభౌతిక సంస్థ వాళ్ళది, 2017లో తెరిచారు. డార్క్ మ్యాటర్ కోసం అక్కడ కాపు కాస్తున్నారు. విశ్వంలో ఉన్న పదార్థంలో దాదాపు 85 శాతం అదేనట. ఇంతవరకూ ఎవరికీ చిక్కలేదు. నెత్తిన అరకిలోమీటరు రాయి ఉంటే కాస్మిక్ కిరణాల గోల చాలావరకు తగ్గుతుంది. అప్పుడు, మరిగే వేడి దాటినా మరగకుండా బిగబట్టుకుని ఉన్న ద్రవపు బొట్ల దగ్గర, ఏ కణమైనా వచ్చి తగిలి బుడగ లేస్తుందేమోనని సెన్సర్లు చెవులు రిక్కించి వింటుంటాయి. మంచి పని. ఇందులో వెటకారానికి చోటు లేదు. లిఫ్టెక్కి పైకొచ్చాక బోలెడంత ఉంది.

ఎందుకంటే పైకొచ్చిన కుర్ర శాస్త్రవేత్త ఇప్పుడు జనానికి చెప్పాలి. చెప్పడం కూడా నేర్చుకోవాలి. కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ 2018లో ‘అవసర్’ అనే పథకం పెట్టింది. పీహెచ్‌డీ విద్యార్థులు తమ పరిశోధనను మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాస్తే మొదటి బహుమతి లక్ష రూపాయలు. 2022లో శాస్త్రవేత్తల సామాజిక బాధ్యత మీద మార్గదర్శకాలొచ్చాయి: ఏడాదికి కనీసం 10 పనిదినాలు సమాజానికి కేటాయించాలి. మిగతా రోజుల సంగతి సమాజం అడక్కపోతే మర్యాదగా ఉంటుంది. ఇక ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలెట్టిన మూడు నిమిషాల థీసిస్ పోటీ ఉండనే ఉంది. అయిదేళ్ళ చదువు, ఒకే స్లైడు, మూడు నిమిషాలు. గంట మోగితే న్యూట్రాన్ ఎక్కడున్నా అక్కడే ఆగాలి.

ఈ విద్యకు ఆదిపర్వం 1993లో బ్రిటన్‌లో జరిగింది. హిగ్స్ బోసాన్ అంటే ఏమిటో ఒక్క పేజీలో చెప్పినవాళ్ళకు షాంపేన్ సీసా ఇస్తానన్నాడు అక్కడి సైన్స్ మంత్రి వాల్డ్‌గ్రేవ్. గెలిచినవాళ్ళలో ఒకాయన తన పేజీలో మార్గరెట్ థాచర్‌ని విందులోకి నడిపించాడు. చుట్టూ జనం మూగుతారు, అడుగు బరువవుతుంది, అదే ద్రవ్యరాశి అన్నాడు. మంత్రికి అర్థమైంది. అప్పట్నుంచీ ప్రపంచంలో ప్రతి శిక్షకుడూ చెప్పే పాఠం ఒకటే: ఉపమానం పట్టు, సమీకరణం దాచు, ముఖం మీద నవ్వు చెదరనీయకు.

సరే, అంతా నేర్చిన మన కుర్రాణ్ణి బిష్టుపూర్ రామమందిరం దగ్గరికి పంపుదాం. టాటా కంపెనీలో పనికని శ్రీకాకుళం వైపు నుంచి వలసొచ్చి తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళకు అదొక కూడలి. ఇలా జరిగిందని అనడం లేదు, జరక్క మానదంటున్నాను. కుర్రాడు మూడు నిమిషాలూ దంచుతాడు. అంతా విన్న ఒక మామ్మగారు అడుగుతుంది:

“కనపడదంటావు, సిక్కలేదంటావు. సర్లే బాబూ. ఆ గని పక్కనున్న ఊళ్ళో మా సెల్లి కూతురుంది. ఆ నూతి నీళ్ళు తాగొచ్చా, కూడదా? అది సెప్పు ముందు.”

“మామ్మగారూ, అది నా టాపిక్ కాదండీ.”

కాదు మరి. అతని టాపిక్ కింద ఉంది, ఆమె టాపిక్ పైన ఉంది. విచిత్రం ఏమిటంటే రెంటికీ ఒకే అంకె. జాదూగూడ రాతిలో టన్నుకు కిలో యురేనియం కూడా రాదు. అదికాస్తా తీసుకున్నాక మిగిలిన రాతిపొడిలో ముతకది గనిలోకే పోతుంది, మెత్తటిది బురదగా టెయిలింగ్స్ చెరువుకు, అంటే వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం పోయినా దాని సంతతి, అంటే థోరియం, రేడియం అందులోనే ఉండిపోతాయి. అసలు రాతిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదదే. రేడియం సగానికి తగ్గాలంటే 1600 ఏళ్ళు. ఈ 85 శాతం కోసం ఎవరూ వెతకనక్కర్లేదు, చిరునామా ఉంది.

దీని మీద మూడు నిమిషాల పోటీ ఎందుకు పెట్టరు అంటారా? 1962 నాటి అణుశక్తి చట్టం 18వ సెక్షన్‌లోనే సమాచారం బయటపెట్టడం మీద ఆంక్షలు పెట్టారు. డార్క్ మ్యాటర్‌కు ఏ సెక్షనూ వర్తించదు. నోరారా మాట్లాడుకోవచ్చు. 2007లో ఒక వైద్యుల సంఘం సర్వే చేసి ఈ ఊళ్ళలో పుట్టుక లోపాలు ఎక్కువని చెప్పింది. గని యాజమాన్యం కాదంటూ వస్తోంది. ఇద్దరి మధ్యా నిలబడి రేడియేషన్ మోతాదు కొలిచే మైక్రోసీవర్ట్ అంటే ఏమిటో, ఎంతైతే భయపడాలో, ఎంతైతే అక్కర్లేదో సంతాలీలో, హోలో విడమరచి చెప్పే కుర్రాడు ఉంటే రెండు పక్షాలకూ మేలే. మన శిక్షణలో ఆ భాషలకు స్లైడు దొరకదు.

జాదూగూడ గని నడిపే కంపెనీయే 2012లో కడప జిల్లా తుమ్మలపల్లిలోనూ గని తెరిచింది. బోరునీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు మొత్తుకున్నారు. ‘అవగాహన లేదు’ అనే మాట ఇలాంటి చోటే పుడుతుంది. ఎవరికి లేదన్నది అడక్కూడదు. చెర్నోబిల్ పేలాక 1986లో ఇంగ్లండ్‌లోని కంబ్రియా గొర్రెల కాపర్లకు శాస్త్రవేత్తలు మూడు వారాల్లో అంతా సర్దుకుంటుందన్నారు. బంకమట్టి నేలల లెక్క తెచ్చి కొండల మీది ఆమ్లపు నేలకు అంటించారు. ఆ గడ్డి, ఆ నేల, ఆ గొర్రె ఎలా నడుచుకుంటాయో తెలిసిన కాపర్లను అడగలేదు. ఆ గొర్రెల మీద పెట్టిన ఆంక్షలు పూర్తిగా ఎత్తేసేసరికి 2012 వచ్చింది.

కాబట్టి నాదొక విన్నపం. ఈసారి పోటీని జాదూగూడ పక్కనే డుంగ్రీడీలో పెట్టండి. మూడు నిమిషాలు ఊరివాళ్ళు మాట్లాడతారు, శాస్త్రవేత్త వింటాడు, గంట అతని దగ్గర ఉండదు. లక్ష బహుమతికి ఒక ఎంట్రీ ఎప్పుడో సిద్ధమైంది: 2006 డిసెంబరు 24న టెయిలింగ్స్ చెరువుకు వెళ్ళే గొట్టం అక్కడ పగిలి బురద వాగులోకి గంటల తరబడి పారుతుంటే, పరుగెత్తి కంపెనీకి ఆ కబురు చెప్పింది ఊరివాళ్ళే. ఉపమానం లేదు, స్లైడు లేదు, సులువుగా అర్థమైంది. గడువు దాటిందని మాత్రం తోసెయ్యకండి.