ఎఫ్‌సీ దాటిన బండి

నేను పుట్టింది బెంగళూరు ఎస్పీ రోడ్డులో. ఒక కొట్లో మదర్‌బోర్డు, ఇంకో కొట్లో క్యాబినెట్, మెట్ల కింది గూట్లో బేరమాడిన ర్యామ్. మూడో తరం ఐ3 ప్రాసెసర్ పెట్టి, విండోస్ 7 ఎక్కించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మా ఓనరు నన్ను అత్తిబెలె తెచ్చుకున్నాడు. కర్ణాటకకు చివరి ఊరు ఇది, దాటితే తమిళనాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో తమిళం మాట్లాడే జనం. అందుకే నా కడుపులో కన్నడం టైపు చేయడానికి నుడి, తెలుగుకు అను, రెంటికీ కలిపి పేజీమేకర్ 7. పిల్లవాడి వైపు తెలుగు, పిల్ల వైపు కన్నడం, కల్యాణమంటపం హోసూరులో. అలాంటి పెళ్ళి పత్రికలు ఎన్ని కొట్టానో!

2017 జులైలో జీఎస్టీ వచ్చింది, పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి రూ.50,000 దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు ఉండాలన్నారు. దాంతో పత్రికల కొట్టు కాస్తా లారీల కొట్టయింది. ఇంజన్ ఆపకుండానే దిగొచ్చి, “అన్నా, బండి మారింది, పార్ట్ బీలో నంబరు మార్చియ్యి” అంటారు డ్రైవర్లు. అప్పటిదాకా నెట్ నాకు కాలక్షేపం. అప్పటినుంచి అదే అన్నం.

2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 7కు రక్షణ ఆపేసింది. “నడుస్తోంది కదా” అన్నాడు ఓనరు. నిజమే, నడుస్తూనే ఉన్నాను. ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు అయిపోయిన లారీ కూడా నడుస్తుంది, ఇంజన్‌కు తారీఖులు తెలియవు కదా. ఆపేవాడు దారిలో ఉంటాడు. 2017 మేలో వాన్నాక్రై వైరస్ లోకమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు మొదలు శ్రీకాకుళం దాకా కొన్ని పోలీసు యూనిట్ల కంప్యూటర్లకే తాళాలు పడ్డాయి. ఆ కన్నం పూడ్చే ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14నే వచ్చింది. అది వేసుకున్న విండోస్ 7లు బతికిపోయాయి. పాతదైనంత మాత్రాన మునిగిపోదు, దిక్కులేని పాతదైతే మునుగుతుంది. 2020 జనవరి 14 తర్వాత నేను ఆ రెండో జాతిలో చేరాను.

అయినా ఓనరును కదిలించింది భయం కాదు, క్రోమ్. 2023లో అది 109వ వెర్షన్‌తో విండోస్ 7కు సెలవు చెప్పింది. బ్రౌజరు పాతబడితే బ్యాంకు పేజీ, పన్నుల పేజీ ఎన్నాళ్ళు తెరుచుకుంటాయన్న బెంగ పట్టుకుంది. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు వచ్చి, పాత హార్డ్‌డిస్కును అలాగే ఉంచి, పక్కన ఎస్ఎస్‌డీ బిగించి, అందులో విండోస్ 10 ఎక్కించాడు. పొద్దున స్విచ్ వేసి టీ తాగొచ్చే ఓనరు, గ్లాసు అందుకునేలోపే నేను సిద్ధమవడం చూసి “పది ఎంత స్పీడురా!” అని ముచ్చటపడ్డాడు. పదిది కాదు స్వామీ, ఆ స్పీడు డిస్కుది. అదే డిస్కులో ఏడును పెట్టినా ఎగిరి గంతేసేది. కొత్త విండోస్ కొట్టేసిన మార్కుల్లో సగం ఇలాంటివే.

పత్రికల పని మాత్రం కుంటుపడింది. పేజీమేకర్ 7 వచ్చింది 2001లో, ఎక్స్‌పీ కాలంలో. నుడి, అను పాత ఫాంట్లు తెలుగు, కన్నడ అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో దాచుకుంటాయి. ఫాంటు దొరక్కపోతే “చిరంజీవి సౌభాగ్యవతి” స్థానంలో బ్రాకెట్లు, కామాలు, అర్థంలేని ఇంగ్లిష్ ముక్కలు. దానికితోడు తెలుగు టైపింగుకు వాడే డాంగిల్‌ను పది గుర్తుపట్టలేదు, పాత ప్రింటరుకు డ్రైవరు దొరకలేదు. ఇక లారీ వస్తే పది, పత్రిక వస్తే ఏడు. మధ్యలో రీస్టార్టు. బయట హారన్ మోగుతుంటే లోపల పిల్ల తండ్రి గడియారం చూసుకునేవాడు.

2025 అక్టోబరు 14న పదికీ గడువు తీరింది. మేనల్లుడు నా మూత తీసి చూశాడు.

“మామా, దీనికి పదకొండు ఎక్కదు. టీపీఎం 2.0 రక్షణ చిప్ లేదు. ప్రాసెసర్ ఎనిమిదో తరమైనా ఉండాలి, ఇది మూడోది.”

“ఇంకేదో దారుంటుంది కదరా?”

“అడ్డదారి ఉంది. కానీ అప్‌డేట్లు వస్తాయన్న పూచీ లేదు. పదినే ఉంచుకుంటే 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇస్తారు. ఆ తర్వాత మళ్ళీ ఇదే కథ.”

ఓనరు ఆ రాత్రి లెక్క వేశాడు. లారీల పని రోజూ చిల్లర తెస్తుంది, అది నెట్ మీద బతికేది, అందులో ఇతరుల లాగిన్లు ఉంటాయి. పత్రికలకు నెట్ అక్కర్లేదు, పైగా మాఘం, శ్రావణం లాంటి ముహూర్తాల నెలల్లోనే గిరాకీ. ఒక్క మిషన్‌తో రెండూ చేయించబట్టే ఇన్ని తిప్పలు. పదకొండు ఉన్న సెకండ్‌హ్యాండ్ మిషన్ తెచ్చి లారీలవైపు పెట్టాడు. నా నెట్ తీగ పీకేసి, ఎస్ఎస్‌డీలోకి ఏడును మార్పించాడు. నన్నడిగితే డబ్బు పెట్టాల్సిన చోటే పెట్టాడు. కొత్త రంగులకూ, నడిమికి జరిగిన స్టార్ట్ బటనుకూ పెట్టలేదు.

కొత్త మిషన్ నాకంటే వేగమా అంటే, బిల్లు తీయడంలో పెద్ద తేడా లేదు. బిల్లు ఆలస్యమయ్యేది ఓటీపీ రాకే.

నాకిప్పుడున్న బెడద పెన్‌డ్రైవ్‌లు. ఫొటోలు, దేవుడి బొమ్మలు అన్నీ వాటిలోనే వస్తాయి. ముందు పదకొండులో గుచ్చి స్కాన్ చేశాకే నాకివ్వాలని మేనల్లుడు గోడమీద కాగితం అంటించాడు. ముహూర్తాల రద్దీలో ఆ కాగితం ఎవరూ చదవరు.