పలక బలపమేల? (సటీకా తాత్పర్యం)

ఆ.వె.
కథను ముందె తెలిసి కన్నులార్పక చూడ
మాట దాని వెంట మనసుకెక్కు
ఆదివారమునను అయ్యవారొక పెట్టె
పలక బలపమేల పాలమూర!

అవతారిక: ‘విద్వద్గద్వాల’ అని పేరుపడ్డ సంస్థానంలో కవులు పద్యాలు చెప్పి సన్మానాలు అందుకునేవారు. సంస్థానం పోయింది, సన్మానాలు పోయాయి, పద్యం పిచ్చి మాత్రం మిగిలింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఇంకా ఒక్క మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోనే ఉన్న రోజుల్లో జనం చెవికి హిందీ ఎట్లా పట్టుబడిందో ఈ ఆటవెలది చెబుతున్నది.

టీక: కథను ముందె తెలిసి = రామాయణాన్ని హరికథలోనో, తోలుబొమ్మలాటలోనో, అవ్వ పక్కన పడుకునో ముందే విని ఉండి; కన్నులు ఆర్పక చూడ = రెప్ప వేస్తే కరెంటు పోతుందేమోనన్నంత భయంతో చూడగా; మాట = హిందీ మాట; దాని వెంట = కథ వెనుకనే; మనసుకెక్కు = ఎవరూ ఎక్కించకుండానే ఎక్కును; ఆదివారమునను = 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 దాకా రామానంద్ సాగర్ రామాయణమూ, 1988 అక్టోబర్ 2 నుంచి 1990 జూన్ 24 దాకా బి.ఆర్. చోప్రా మహాభారతమూ దూరదర్శన్‌లో వచ్చిన ఆదివారాల పొద్దుటిపూట; అయ్యవారు = గురువు; ఒక పెట్టె = వాడకట్టుకంతటికీ ఒక్కటైన టీవీ; పలక బలపము ఏల = పలకా బలపమూ ఎందుకు; పాలమూర = ఓ పాలమూరా!

తాత్పర్యం: పండితులు ముందు టీక చెప్పి, చివర తాత్పర్యం చెబుతారు. పెట్టె అయ్యవారి బడిలో ఈ వరస తిరగబడింది. కైకేయి నోరు తెరవకముందే తాత్పర్యం అవ్వకు తెలుసు. మిగిలింది టీక ఒక్కటే. అది వారానికింత చొప్పున దానంతట అదే వచ్చింది.

విశేషాలు: 1. వరం, వచనం, రాజ్యం, వనవాసం: పురాణం విన్న చెవికి ఇవన్నీ పాత చుట్టాలే. పోనీ సినిమా హిందీలోని ఉర్దూ మాటలు కొత్తవా? 1948 దాకా నిజాం ఏలుబడి. కచేరి, దవాఖాన ఏనాడో ఇంటి మాటలైపోయాయి. ఇక కొత్తగా పట్టాల్సింది వాక్యం చివరి హై, థా, గా.

2. ‘కన్నులార్పక చూడ’ అన్నది మిద్దె మీది పిల్లగానికి వర్తించదు. వాడు యాంటెనా గొట్టం పట్టుకుని “వచ్చిందా?” అని పైనుంచి అరుస్తాడు. “ఆ, వచ్చింది, ఇగ కదపకు!” అని కిందినుంచి జవాబు. రాముడు అడవికి పోయి వచ్చేదాకా వాడు కదలరాదు. బొమ్మ లేక శబ్దమే గతి కనుక అందరిలోకీ వాడి హిందీయే గట్టిదని వ్యాఖ్యాతల మతం.

3. ‘ఆదివారమునను అయ్యవారొక’ అన్నచోట సంధి జరగలేదు. దోషం కాదు. అక్కడ కరెంటు పోయింది.

శంక: అంత విన్న అవ్వ హిందీలో ఒక్క ముక్కయినా మాట్లాడదేం?

సమాధానం: పెట్టె చెప్పేదే గాని అడిగేది కాదు, జవాబు కోసం ఆగేది అంతకన్నా కాదు. అందువల్ల చెవి తయారైంది, నోరు కాలేదు. పని వెతుక్కుంటూ ముంబై, పుణె పోయిన పాలమూరు లేబరుకు నోరు తెరిపించింది అక్కడి మేస్త్రీ. సీరియల్ హిందీతో తండ్రి ఆజ్ఞ అడిగి అడవికి పోవచ్చు గాని, దాదర్‌కు టికెట్ అడగడం కష్టం.

పాఠాంతరం: ఈ కాలపు ప్రతుల్లో మూడో పాదం ‘అర్ధరాత్రి వేళ అయ్యవారొక ఫోను’ అని కనిపిస్తున్నది. కొరియా సీరియళ్లు చూసే మనుమరాళ్లు దిద్దిన పాఠమిది. వాళ్లకు కథ ముందే ఎట్లా తెలుసు అంటారా? గొప్పింటి అబ్బాయి, పేదింటి అమ్మాయి, ఒప్పుకోని తల్లి. ఇది తెలియని తెలుగు గడప ఉందా? పైగా కొరియన్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, పెద్దలకు మర్యాద రూపాలు వేరే ఉంటాయి. మిగతా తాత్పర్యం సబ్‌టైటిల్ చూసుకుంటుంది.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్యను భక్తిశ్రద్ధలతో పారాయణ చేసినవారికి ఏ భాషా రాదు. పుస్తకం మూసి సీరియల్ పెట్టుకున్నవారికి సగం వస్తుంది. ఎదుటివాడు అడిగినదానికి తప్పో ఒప్పో జవాబిచ్చినవారికి మిగతా సగం వస్తుంది.