జిగటమన్ను ఆత్మకథ

తిరుచానూరు పొలిమేర చెరువడుగున ఎన్నో తరములు పరుండి, ఇప్పుడు ఆ యూరనే పూడ్చివేసిన యొక బోరుబావి కంఠమున నిలిచియున్న జిగటమన్నును నేను. పాకాల, చంద్రగిరి ప్రాంతముల గ్రానైటు గుట్టలు నా జన్మస్థానము. ఆ రాతియందు తెల్లగను, లేతగులాబివన్నెగను మెరయు ఫెల్డ్‌స్పారు అను ఖనిజము ఎండకు పగిలి, వానకు నాని, క్రమక్రమముగా తన కాఠిన్యమును కోల్పోగా నేను పుట్టితిని. ఇసుక నదీగర్భమున ఎక్కడికక్కడ ఆగిపోవుచుండ, నేను మాత్రము స్వర్ణముఖి వరదలో తేలియాడుచు వచ్చి, కాలువ వెంట చెరువు జొచ్చి, నీరు నిశ్చలమైన చోట అడుగునకు దిగితిని.

నా రేణువులు కంటికి కానరానంత సన్నని పలకలు. అవి యొకదానిపై నొకటి పరుండినపుడు నీటికి సూటియైన దారి దొరకదు. తడిసినకొలది నేను ఉబ్బి ఆ సందులను మరింత బిగింతును. ఇసుకలో క్షణములలో ఇంకిపోవు నీటికి నాలో జానెడు దిగుటకు మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. చెరువుకట్టల గర్భమున నన్ను పోయించి త్రొక్కించిన పూర్వులు ఈ గుణమును చేతులతో పిసికియే తెలిసికొనిరి.

కపిలబావుల కాలమున ఎద్దులు తోడగలిగినంత తోడి సాయంకాలమునకు విడిచిన, తెల్లవారునప్పటికి నీరు మరల ఊరుచుండెడిది. పిమ్మట విద్యుత్తు వచ్చెను, బోరుబండి వచ్చెను. పైనున్న ఒండ్రు విరిగిపడకుండ గట్టిరాయి తగులువరకు కేసింగు గొట్టము దింపి, అందుండి క్రిందికి గాలిపోటుతో రాతిని పొడిచేయుచు పోవుదురు. ఈ సీమ రాతిలో నీరంతయు పగుళ్ళలోనే దాగియుండును. పగులు తగిలినవానికి నీరు, తగులనివానికి తెల్లని దుమ్ము. మా చెరువు క్రింది రైతొకడు వేయించిన బోరు కొన్నేండ్లు చక్కగా పారి, చుట్టుప్రక్కల అంతకంటె లోతైనవి పడినకొలది సన్నగిల్లి, తుదకు గాలిని మాత్రమే కక్కెను. మోటారును పైకి లాగివేసిరి; కేసింగు నోటిపై ఒక బండ మాత్రము మిగిలెను.

ఆ వేసవిని చెరువెండగా, రైతు తండ్రియగు వృద్ధుడు నన్ను త్రవ్వించి ట్రాక్టరున కెత్తించి అచ్చటికి తెచ్చెను. వెంటవచ్చిన మనుమడు ఊరకుండలేక అడిగెను.

“తాతా, నీళ్లు లేని బోరుకి ఇంత మన్ను దేనికి?”

“నీళ్లు లేకుంటే ఏమిరా నాయినా, బొక్క ఉండాది గదా! మురికంతా దీంట్లో దిగి పక్కోళ్ల బోర్లకి పోదా? ఆడుకునే బిడ్డ కాలుజారితే ఏం గతి?”

నేను విన్న మాటలలో ఇంతకంటె విలువైనది లేదు. ఎండిన బోరు చచ్చినదని జనులు తలంతురు గాని, దాని గోడలలోని పగుళ్ళు పొరుగు బావుల పగుళ్ళతో కలిసియే యుండును. నేల మెల్లగా వడగట్టి పంపవలసిన నీరు ఆ రంధ్రమున వడపోత లేక సూటిగా అడుగు చేరును. పంచమీతీర్థమునాడు లక్షలాది భక్తులు పద్మసరోవరమున మునుగు పుణ్యస్థలమున, పాదముల క్రింది జలమునకు ఈ దుర్గతి పట్టుట నాకు దుస్సహము.

అడుగునుండి రాతిపొడి, గులకరాళ్ళు నింపి, పైభాగమున నన్ను ఉండలుగా చేసి ఒక్కొక్కటిగా విడిచిరి. తొందరపడి గంపలతో గుమ్మరించినచో నడిమిలోనే ఇరుకుకొని క్రింద బోలు మిగులును. అది పైకి నిండినట్లే తోచి, మొదటి పెద్దవానకు కుంగిపోవును. వృద్ధుడు తాడునకు రాయి కట్టి దింపి, ఎంతవరకు నిండినదో మాటిమాటికి చూచుచుండెను. విడిచిపెట్టిన బోర్లను అడుగునుండి నేలమట్టమువరకు మన్ను, ఇసుక, రాళ్ళతో పూడ్చవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది ఆ తరువాత, 2010లో.

మనుమడు పెద్దవాడై కోనసీమ రిగ్గులపై కొలువు చేసెను. సెలవులకు వచ్చి ఈ గట్టున కూర్చుండి అతడు స్నేహితులతో చెప్పిన మాటలవలన నా జ్ఞాతుల వృత్తాంతము తెలిసినది. చమురుబావి త్రవ్వునపుడు బెంటొనైటను మన్నును నీట కలిపి, బరువునకై ముగ్గురాతిపొడి చేర్చి, ఆ బురదను బావినిండ నిలుపుదురట. నీటికి నాలుగురెట్లకు మించిన బరువుగల ఆ ముగ్గురాయి మాకు పొరుగుదే. రైల్వేకోడూరు దాటిన మంగంపేటలో దాని మహానిక్షేపము కలదు. క్రిందినుండి వాయువు త్రోయు ఒత్తిడికంటె పైనున్న బురద బరువు అధికమైనంతకాలము బావి శాంతముగ నుండును. లోని వాయువు అదుపు తప్పి బయటపడిన ఏమగునో, 1995 జనవరి 8 మొదలుకొని రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి మంట లోకమునకు చూపెను. మరియొక విద్యయు కలదు. గొట్టపు గోడకు పొడిచిన రంధ్రములలో ద్రవమును అధికముగ మ్రింగువానిని మూయుటకు రబ్బరుపూత గల చిన్న బంతులను ప్రవాహమున విడుతురు. ఆ ప్రవాహమే వానిని తగిన రంధ్రమునకు కొనిపోయి అదిమిపెట్టును, ఒత్తిడి సడలగనే అవి రాలిపోవును. ఇది విని నేను పొంగిపోతిని. ఏలనన నన్నును ప్రతి పగులునకు చేర్చినది, అందుండి తప్పించుకొనజూచిన నీరే.

2021 నవంబరు వానలకు స్వర్ణముఖి ఒడ్డులు కోసికొనుచు పారెను. రాయలచెరువు కట్ట తెగునను భయమున క్రింది ఊళ్ళవారు ఇండ్లు విడిచిరి; నీరు ఊరుచున్న చోట ఇసుకబస్తాలు వేసి కట్టను నిలిపిరి. ఆ దినములలో రాతిపగుళ్ళు నిండి, లోని నీరు నన్ను క్రిందినుండి త్రోసెను. వీధుల మురుగు మోసికొనివచ్చిన వరద పైనుండి అదిమెను. నేను ఏ దిక్కునకును దారి ఇయ్యనైతిని.

వరద తీసిన పిమ్మట మనుమడు అచ్చటనే ఇల్లు కట్టదలచి, కొంత దూరమున క్రొత్త బోరు వేయించెను. నీరు పడగనే బోరుబండివారు లెక్క ముగించుకొని పోనుండగా, అతడు వారిని ఆపి, కేసింగునకును త్రవ్విన గోడకును నడుమనున్న సందులో మా చెరువుమన్నునే ఉండలు చేయించి కూరించి, పైన సిమెంటు దిమ్మె కట్టించి, ఆ తరువాతనే మోటారు దింపించెను.