మహారాజశ్రీ బస్సు మొదటి మెట్టు గారికి

నిర్మల్ నుంచి, మోకాళ్లరిగిన ఒక ముసలామె చేతికర్ర పక్కన పెట్టి రాసుకొనే బహిరంగ విన్నపం.

విషయం: తమరు కొంచెం కిందికి దిగడం గురించి.

అయ్యా,

మంత్రికో కలెక్టరుకో రాయక తమకెందుకు రాస్తున్నానంటే, ముసలివాళ్లు ఊరు దాటాలా వద్దా అని తేల్చే అసలు అధికారి తమరే. 2016 అక్టోబరు 11న నిర్మల్ జిల్లా అయింది గానీ, జిల్లా కేంద్రానికి రైలు లేదు. రైలెక్కాలంటే బాసరకో నిజామాబాదుకో పోవాలి. అక్కడికి పోవాలంటే బస్సెక్కాలి. బస్సెక్కాలంటే తమ అనుమతి కావాలి.

2023 డిసెంబరు 9 నుంచి ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ మాఫీ చేసింది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతికొస్తుంది. చాలా మేలు. కాకపోతే ఆ టికెట్ ఇచ్చేది బస్సు లోపల. లోపలికి రానివ్వడానికి తమరు వసూలు చేసే ఛార్జీని ఏ పథకమూ మాఫీ చెయ్యలేదు. కాలేజీ పిల్లకూ డెబ్బై దాటిన నాకూ తమ దగ్గర ఒకటే రేటు. ముందు వరుసలో సీటు మీద 'వృద్ధులకు' అని రాసి ఉంటుంది. రాసినవాళ్లకు దండం. అక్కడిదాకా చేరిన వృద్ధులు ఇంకా వృద్ధులు కానట్టే లెక్క.

వెనక నిలబడ్డవాళ్లు ఊరుకోరు. "జల్ది ఎక్కు అవ్వా, బస్సు పోతది" అని ఒకరు రెక్క పట్టి గుంజుతారు, ఇంకొకరు వెనక నుంచి నూకుతారు. వడ్ల బస్తా ఎక్కించినట్టు ఎక్కించి, ఆ తర్వాత అడుగుతారు: "ఒక్కదానివే ఎందుకొచ్చినవ్? ఇంట్ల ఎవ్వలు లేరా?"

ఉన్నరు బిడ్డా. మా వైపు కొడుకులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. కోడళ్లు బీడీలు చేస్తూ పిల్లల్ని బడికి పంపుతుంటారు. నేను దవాఖానకో, బ్యాంకుకో, బాసర అమ్మవారి దగ్గరికో పోయినప్పుడల్లా తోడుకని ఒకరి కూలి పోగొట్టాలా? ఒంటరిగా పోవడం నా మొండితనం కాదు, మా ఇంటి లెక్క.

తమ తమ్ముడి సంగతీ విన్నవించాలి. బస్టాండు మరుగుదొడ్ల ముందరి మెట్టుగా ఆయన కొలువు. ఆయనకు భయపడి పొద్దటి చాయ్ మానేసి, దారి పొడుగునా నీళ్లు ముట్టని ఆడవాళ్లెందరో ఉన్నారు. ఇక రైలు డబ్బా మెట్టు తమకు పెద్దన్న. ఆయన దగ్గర ఒకప్పుడు 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం, 60 దాటిన మగవాళ్లకు 40 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో అది ఆగిపోయింది. ఎత్తు మాత్రం అట్లే ఉంది.

తమ మీద చట్టాలు లేవని కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రవాణా అందరికీ అందుబాటులో ఉండాలంది. 2020 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహన నిబంధన బస్సుల్లో ప్రత్యేక సీట్లు, పట్టుకునే కడ్డీలు, చేతికర్రలూ వాకర్లూ పెట్టుకునే ఏర్పాటు ఉండాలంది. అందుబాటు ప్రమాణాలు ఉత్త సలహాలైతే చాలదు, తప్పనిసరి చెయ్యాలని 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఢిల్లీ నుంచి బయల్దేరిన ఆ తీర్పు కూడా నాలాగే తమ ముందు నిలబడి, ఎక్కించేవాళ్ల కోసం చూస్తున్నట్టుంది.

కాబట్టి నా కోరికలు నాలుగు. ఒకటి, తమ కింద ఇంకో చిన్న మడత మెట్టు. రెండు, తలుపుకు రెండు పక్కలా నేల మీది నుంచే చేతికందే కడ్డీ. మూడు, బస్సును నడిరోడ్డు మీద కాకుండా, పక్కన కాస్త ఎత్తు నేల ఉన్నచోట ఆపడం. నాలుగు, ముసలివాళ్లు సీట్లో కూర్చున్నాకే "రైట్ రైట్" అనడం.

మొదటి రెండింటికి ఇనుమూ, టెండరూ, సంతకాలూ కావాలి. చివరి రెండింటికి పైసా ఖర్చు లేదు. రేపు పొద్దటి మొదటి బస్సు నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
తమ ముందు కాలెత్తలేక నిలబడ్డ
ఒక జీరో టికెట్ ప్రయాణికురాలు, నిర్మల్