పనిని బట్టి

2024 సంక్రాంతి ముందర పరిగి బస్టాండు దగ్గరి కంప్యూటర్ల దుకాణానికి ఓ కంది రైతు వచ్చాడు. వెంట బీటెక్ రెండో ఏడు చదువుతున్న బిడ్డ.

"పెద్ద నంబరుదే మంచిదట గద సార్. ఐ7 ఎంత, ఐ3 ఎంత?"

దుకాణదారు చేతిలో పని పక్కన పెట్టాడు. కొనేవాళ్లకు అన్నీ విడమరచి చెప్పాకే అమ్మడం అతని పద్ధతి.

"నంబరు చూసి మోసపోవద్దు కాకా. ముందు ఏ జనరేషనో చూడాలె. 2013ల వచ్చిన ఐ7-4600యూల రెండే కోర్లు. 2022ల వచ్చిన ఈ ఐ3-1215యూల ఆరున్నయి. పాత ఐ7లను తుడిచి తళతళలాడించి అమ్ముతున్నరు. విండోస్ 11కు ఇంటెల్‌ల ఎనిమిదో జనరేషన్ నుంచే లెక్క, అవి దానికి పనికిరావు. పేరు చివర 'యూ' ఉంటే కరెంటు తక్కువ తాగుతది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తది. 'హెచ్' ఉంటే బరువు పనులకు. దుకాణం పద్దులు రాసుకునేటోళ్లకు ఐ3 మస్తు. వీడియోలు ఎడిటింగ్ చేసేటోళ్లకు, పెద్ద ప్రోగ్రాములు నడిపేటోళ్లకు ఐ7. పనిని బట్టి కొనాలె, అంతే."

"మరి మా బిడ్డ పనికి?"

బిడ్డే అందుకుంది. "నాయినా, మాకు ఆండ్రాయిడ్ స్టూడియో ఉంటది. 8 జీబీ ర్యామ్‌తోని ఆగి ఆగి నడుస్తది. ఐ5, 16 జీబీ అయితే ఆఖరి ఏడు ప్రాజెక్టు దాకా ఫికరుండదు."

"చెల్లె చెప్పింది నిజమే" అన్నాడు దుకాణదారు.

రైతు వేళ్ల మీద లెక్కేశాడు. కందికి మద్దతు ధర క్వింటాలుకు 7,000. ఐ3 ల్యాప్‌టాప్ 35,000, అంటే ఐదు క్వింటాళ్లు. ఐ5ది 56,000, అంటే ఎనిమిది. వాన మీద ఆధారపడ్డ చెలకలో ఎనిమిది క్వింటాళ్లంటే మాటలు కాదు.

"ఐ3 ఇయ్యిండ్రి" అన్నాడు.

బిడ్డ మారుమాట్లాడలేదు. ఆ పిల్ల మొహం చూసి దుకాణదారు తన లాభం వదులుకుని ఇంకో 8 జీబీ ర్యామ్ వేసిచ్చాడు.

రెండేళ్లకు రైతు మళ్లీ వచ్చాడు, ఈసారి ఒక్కడే. చంకలో అదే ల్యాప్‌టాప్ సంచి, చేతిలో చీటీ.

"ఐ7 తియ్యిండ్రి సార్. 'హెచ్'దే కావాలె. గ్రాఫిక్స్ కార్డు కూడ ఉండాలె."

ధర 96,000. మద్దతు ధర 8,000కు పెరిగింది, అయినా పన్నెండు క్వింటాళ్ల కంది. రైతు ఒక్క రూపాయి బేరమాడలేదు.

దుకాణదారు మనసు నిండిపోయింది. "మంచి పని చేసినవు కాకా. చెల్లెకు ఇది ఆఖరి ఏడు గద, ప్రాజెక్టుకు అక్కరకొస్తది."

"బిడ్డకు కాదు సార్, అల్లునికి. వచ్చే నెల పెండ్లి. కట్నంల ఒప్పుకున్నం. పిల్లగానికి గేములంటే పాణమట." రైతు పాత ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్ని ఎక్స్‌చేంజ్‌ల పట్టుకోండ్రి."

దుకాణదారు తెరిచి చూశాడు. ఫైనల్ ప్రాజెక్ట్ అని ఫోల్డరు. లోపలి ఫైళ్లు రాత్రి రెండింటికి సేవ్ అయి ఉన్నాయి.

"చెల్లె పని ఇంక ఇందులనే నడుస్తున్నది కాకా!"

రైతు నోట్ల కట్ట లెక్కపెడుతూ తలెత్తకుండా అన్నాడు.

"పనిని బట్టి కొనాలె అని మీరే చెప్తిరి గద సార్. పెండ్లయినంక బిడ్డకు కంప్యూటర్‌తోని ఏం పని?"