మాటందించే మామ

మాట్లాడుతూ మాట్లాడుతూ మనం మధ్యలో గుటక వేస్తే అది గుటకే. మామకి మాత్రం అది ఖాళీ. ఖాళీ కనబడ్డాక పూరించకుండా ఊరుకోవడం ఆయన రక్తంలో లేదు. "నిన్న రాత్రంతా మా ఇంట్లో..." అని మీరు ఊపిరి తీసుకునేలోపు "దొంగలు!" అని అందించేస్తాడు. మీరు చెప్పబోయింది దోమలు. అయినా అప్పటికే టీకొట్టు దగ్గర నలుగురు లేచి నిలబడి, ఎంత పోయిందని అడుగుతుంటారు. దోమలని చెప్పుకోవడానికి మీకే నామోషీగా ఉంటుంది.

తమిళనాడులో ఇలాంటి మామ కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఊరికొకడుంటాడని చెబితే తక్కువ చేసినట్టు. వీధికొకడు. వయసు అరవై దాటి ఉంటుంది. అగ్గిపెట్టెల కంపెనీలో లెక్కలు రాసో, రేషన్ షాపులో తూకాలు వేసో రిటైరై ఉంటాడు. తెల్లచొక్కా జేబులో కళ్లజోడు, భుజం మీద తువ్వాలు. బస్టాండుకి ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ ఆయన ఆఫీసు. ఏ బస్సెక్కాలో, ఏ డాక్టరు దగ్గరికెళ్లాలో, ఏ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియని జనం అక్కడ దొరికినంతగా ఇంకెక్కడా దొరకరు.

మామది గుడ్డి ఊహ అనుకుంటే పొరపాటు. ఆయన దగ్గర పద్ధతుంది. ముందు సంచీ చూస్తాడు. పసుపు గుడ్డసంచీ నిండుగా, మెడ దగ్గర పట్టుకుని వస్తే పెళ్లి పిలుపులు. అదే సంచీ మడిచి చంకలో పెట్టుకుంటే బ్యాంకులో నగ విడిపించడానికి. మడిచిన సంచీ మీద చెయ్యి గట్టిగా అదిమి ఉంటే ఆ నగ ఇంకా విడిపించలేదు, కొత్తగా పెట్టబోతున్నారు. తర్వాత చెప్పులు. నల్లమట్టి మడమ దాకా అంటుకుని ఉంటే ఊళ్లో వాన పడింది, తేలికపడ్డ మనిషి, బస్సు చార్జీకి చిల్లర అడగడు. ఇన్ని ఆనవాళ్లు కూడగట్టుకున్నాకే నోరు విప్పుతాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గానే చెబుతాడు. ఆ ఎనిమిదీ ఎవరికీ గుర్తుండవు. మిగతా రెండిటి మీదే ఆయన కీర్తి నిలబడింది.

నాకైతే ఈ విద్య ఆయన ఒక్కడిదనిపించదు. ఈ వైపు కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు, అరుంధతీయుల ఇళ్లలో తెలుగు వందల ఏళ్లుగా నోటి మీదే బతికింది. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, బళ్లో తమిళమో ఇంగ్లీషో. తెలుగు అక్షరం దిద్దినవాళ్లు అరుదు. నిఘంటువు చూసి మాట నేర్చుకున్నవాళ్లు ఇంకా అరుదు. అమ్మమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏదో అంటుంది. పిల్లాడు ఆమె చెయ్యి ఎటు చూపిస్తోందో, గొంతు ఎంత లేచిందో చూసి, తెమ్మన్నది పీటో పట్టకారో పోల్చుకుంటాడు. తప్పు తెస్తే వీపు మీద ఒకటి పడుతుంది. అంతకు మించిన వ్యాకరణ పుస్తకం లేదు. అలా పోల్చుకుని పెరిగిన జనంలో ఎవడికో ఒకడికి ఆ విద్య ముదిరి మామ అవుతాడు.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ ఉంది. కి. రాజనారాయణన్ పుట్టిన ఊరు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం, రాసింది తమిళంలో. తెలుగువాళ్లు దక్షిణానికి తరలివచ్చి అడవి కొట్టి నల్లరేగడిలో ఊరు కట్టుకున్న కథే ఆయన 'గోపల్లగ్రామం'. దాని తర్వాతి నవలకి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వానకి తలదాచుకోవడానికి తప్ప బడి గడప తొక్కలేదనీ, తొక్కినప్పుడు కూడా పాఠం వదిలేసి వాననే చూస్తూ కూర్చున్నాననీ తన చదువు గురించి తనే నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆ మనిషే తర్వాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు, ఈ నేల మాటలన్నీ ఏరి ఒక నిఘంటువు కూర్చాడు. తమిళ రచయితలంతా ఆయన్ని 'నైనా' అని పిలిచేవాళ్లు. అది మన నాయినే. ఈ చుట్టుపక్కల ఏ మామనడిగినా ఆ నిఘంటువులో సగం మాటలు తానే అందించానంటాడు. అందరి సగాలూ కలిపితే అలాంటి నిఘంటువులు నలభై అవుతాయి.

అయ్యప్ప మాలల సీజన్లో మామకి చేతినిండా పని. శబరిమలకి వెళ్లొచ్చే ఆంధ్రా, తెలంగాణా బస్సులు వేరుశనగలతో చేసే కడలై మిఠాయి కోసం కోవిల్‌పట్టిలో ఆగుతాయి. 2020లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న సరుకు. బస్సు దిగేవాళ్లు తెలుగువాళ్లని నంబరు ప్లేటు చెప్పగానే మామ బెంచీ మీద నుంచి లేస్తాడు. మొన్నామధ్య తెలంగాణ బస్సులోంచి ఒక స్వామి భుజం నొక్కుకుంటూ దిగి, "స్వామీ, ఇక్కడ పల్లీ..." అన్నాడు. అంతే.

"ఏ భుజం మీద?" అన్నాడు మామ.

తమిళంలో పల్లి అంటే బల్లి. మాలలో ఉన్న మనిషి, మొహంలో కంగారు, చెయ్యేమో భుజం మీద. ఏ శాస్త్రం ప్రకారం చూసినా బల్లి పడ్డట్టే.

"ఎడమ భుజం, బస్సులో నిద్రపోతే పట్టేసింది. అది కాదు, పల్లీ..."

"ఎడమా? పరవాలేదు నాయనా. కంచిలో వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లి ఉంది, ముట్టుకుంటే దోషం పోతుంది. బస్సు ఎలాగూ ఉత్తరానికే కదా పోయేది."

"దోషమేంది స్వామీ? మేం కొనుక్కుని తినడానికి..."

మామ రెండడుగులు వెనక్కి వేశాడు. అయిదు మండలాల దీక్షలు చూసిన మనిషి, ఇలాంటి నియమం ఎన్నడూ వినలేదు. ఈలోగా కొట్టువాడు నోరు విప్పకుండా అచ్చు మిఠాయి ఒకటి తీసి స్వామి చేతిలో పెట్టాడు. వేయించిన పప్పు, బెల్లం పాకం, పైన కాస్త కొబ్బరి కోరు. స్వామి ముఖం వికసించింది. ఆ పూట వచ్చిన బస్సులవాళ్లంతా అదే అడిగారు కాబట్టి కొట్టువాడికి వేరే ఆనవాలు అవసరం లేకపోయింది. మామ మాత్రం ఇప్పటికీ ఆ స్వామి మాట మార్చాడనే అంటాడు.

ఇంకొకటి ఉంది, అది నవ్వి వదిలేయడానికి కుదరదు. సాత్తూరు నుంచి పెళ్లివారు విరుదునగర్ వచ్చారు. అమ్మాయి తరఫు పెద్దగా మామ. కాఫీలయ్యాక అబ్బాయి తండ్రి గొంతు తగ్గించి, "బావగారూ, ముందే చెప్పడం మంచిది. మావాడికి కాస్త..." అని ఆగాడు. మామ అబ్బాయివైపు చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి నేల చూపులు చూస్తోంది. అబ్బాయి చెమట తుడుచుకుంటున్నాడు.

"తాగుడు" అన్నాడు మామ.

సాత్తూరు నుంచి హెల్మెట్ లేకుండా బైకు మీద వచ్చినవాడి కళ్లు అలాగే ఉంటాయి. తండ్రి చెప్పబోయింది మొహమాటం. నలుగురిలో నోరు తెరవడు, ఏమీ అనుకోకండి అని. అయితే ఆయన తేరుకునేలోపే అమ్మాయి తండ్రి గుండెల నిండా ఊపిరి తీసుకుని, "అంతేనా! నేను మూర్ఛో ఏదో అనుకుని హడలిపోయాను. వయసులో ఉన్నవాడు, పరవాలేదు లెండి" అనేశాడు. ఒప్పుకున్న సంబంధాన్ని అబ్బాయి మంచివాడని చెప్పి చెడగొట్టుకోవడం ఎలాగో ఆ తండ్రికి తెలియలేదు. అబ్బాయికి మొహమాటం గనక అతనూ కాదనలేదు. పెళ్లయింది. చుక్క ముట్టని ఆ అల్లుడికి ప్రతి దీపావళికీ బావమరుదులు మర్యాదగా ఒక సీసా తెచ్చి ముందు పెడతారు. మొహమాటానికి పుచ్చుకుంటున్నాడని విన్నాను.

మామ ఓడిపోయి కూడా గెలిచాడని నేననుకునేది ఒక్క చోటే, మనవరాలి ఇంగ్లీషు పుస్తకం దగ్గర. ఖాళీలో సరైన మాట రాయాలి, వాక్యంలో ఉన్న ఆనవాళ్లు పట్టుకుని. "తాతా, ఇది నీకు బాగా వస్తుంది గదా" అని తెచ్చింది పిల్ల. సకాలంలో వాన పడినందువల్ల రైతు ఏమయ్యాడు? సంతోషించాడా, విచారించాడా, ఆశ్చర్యపోయాడా, కోపగించాడా?

"ఏ నెల?" అన్నాడు మామ.

"నెల ఇయ్యలేదు తాతా."

"నెల లేకుండా వానేందమ్మా? ఐప్పసిలో పడితే సంతోషమే. తైలో పడితే? కోసి కళ్లంలో వేసిన మినుము మొలకెత్తుద్ది, ఎండేసిన మిరప బూజు పడుద్ది. విత్తనం వేశాడా, కోత కోశాడా, అది రాశారా?"

"సకాలం అని రాసుంది గదా."

"ఎవరి సకాలం? వానదా, రైతుదా, మీ టీచరుదా?"

ఇది వట్టి వితండం కాదు. వానని నమ్మి బతికే నల్లరేగడి ఇది. ఇక్కడ రైతు మబ్బు రాకముందే పొడిదుక్కిలో విత్తనం వేసి ఆకాశం వైపు చూస్తాడు. పది రోజులు ముందొచ్చినా వెనకొచ్చినా లెక్క మారిపోతుంది. ఈ మట్టిలో పత్తి ఎలా పండుతుందో తేల్చడానికి 1901లోనే కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం పెట్టారు. అంత చదువుకున్నవాళ్లకే నూరేళ్లు దాటినా పని తీరలేదు, పుస్తకం రాసినాయనకి ఒక్క వాక్యంలో తేలిపోయింది. పిల్ల 'సంతోషం' రాసి మార్కు తెచ్చుకుంది. "ఒక్క మార్కు కోసం రైతుని సంతోషపెట్టేశారు" అని మామ రెండు పూటలు గొణిగాడు.

మామకి బొత్తిగా పడని మనిషి ఒకడున్నాడు, సినిమా నటుడు శివాజీ గణేశన్. కోవిల్‌పట్టికి దగ్గర్లోనే కయత్తారు, 1799 అక్టోబరు 16న ఇంగ్లీషువాళ్లు పాళెగాడు కట్టబొమ్మన్ని ఉరి తీసిన చోటు. కట్టబొమ్మన్ ఇంటి భాష తెలుగే కాబట్టి మామకి ఆ కథ సొంత ఇంటి కథ. కానీ ఆ కథ మీద వచ్చిన 1959 నాటి సినిమాలో కట్టబొమ్మన్ వేషం వేసిన శివాజీ ఒక్కచోట కూడా ఖాళీ వదలడు. డైలాగు ఎత్తుకున్నాడంటే చివరిదాకా తనే చెబుతాడు. అలాంటి సినిమాలో మనకేం పనని మామ సణుగుతాడు.

విరుదునగర్ మామ తీరు వేరు. అది కామరాజ్ ఊరు. 1954 నుంచి తొమ్మిదేళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న కామరాజ్, ఎవరేమడిగినా తరచుగా ఇచ్చిన జవాబు ఒక్కటే, 'పార్క్కలాం'. చూద్దాం అని. అవుతుందనే చూద్దామా, కాదనే చూద్దామా, మళ్లీ రావద్దనే చూద్దామా, ఆయన కనుబొమ్మల్ని బట్టి అడిగినవాళ్లే తేల్చుకోవాలి. ఆ బడిలో చదువుకున్న ఊరు. పైగా నూనెలు, పప్పులు, మిరపకాయల బజారు. కాబట్టి అక్కడి మామ గబుక్కున ఏదీ అనడు. ఎదుటివాడి ఖాళీలో తనకి లాభమొచ్చే మాటే పెడతాడు.

ఒకసారి ఈ ఇద్దరూ ప్యాసింజరు రైల్లో ఎదురెదురు సీట్లలో పడ్డారు. కోవిల్‌పట్టి మామ ముందే ఎక్కి ఉన్నాడు, విరుదునగర్ మామ సాత్తూరులో దోసకాయల పొట్లంతో ఎక్కాడు.

"ఈసారి ధనియాలు..." అని కోవిల్‌పట్టి మామ మొదలుపెట్టాడు.

"దిగుబడి లేదు."

"ఉంది. కానీ..."

"ధర లేదు. అందుకని మీరు..."

"దాచిపెట్టాను. దాచినంత మాత్రాన..."

"పురుగు పట్టకుండా ఉంటుందా? నేనైతే..."

"కొంటానంటారు. అంతేగా? కొంటే ఎక్కడ..."

"మా గోడౌన్లోనే దింపండి. సోమవారం..."

"పొద్దున్నే!"

తులుకపట్టి దాటేసరికి బేరం అయిపోయింది. నిజానికి కోవిల్‌పట్టి మామ ఇంటి ముందు ఎండేసిన ధనియాలు పిట్టలు తినేస్తున్నాయని చెప్పబోయాడు. విరుదునగర్ మామది పత్తి వ్యాపారం, ఆయన ఆ వారం తిరుచ్చెందూరు వెళ్తున్నానని చెప్పబోయాడు. అయినా పూరించిన మాటని వెనక్కి తీసుకోవడం ఇద్దరికీ తెలియదు. సోమవారం పొద్దున్నే రెండు మూటలు దిగాయి. గోడౌను గుమాస్తా కొత్తవాడు, రేటు ఎంతో ఎవరూ చెప్పకపోయేసరికి చీటీలో ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. ఇద్దరూ ఒకేసారి పెన్ను తీశారు, చెరో అంకె వేశారు.