బెరీలియం బాబాయి

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు పుచ్చుకోకముందే స్పీకరు దగ్గరికి వెళ్తాడు. ముందున్న జాలీ ఊడబీకి, పైనున్న బుడిపె మీద ఫోను టార్చి వేస్తాడు. "పట్టుబట్టా?" అని పరామర్శకొచ్చినవాడిలా నిట్టూరుస్తాడు. ఇంటాయన తను చేసిన నేరమేమిటో తెలియక తల దించుకుంటాడు.

ఇలాంటివాళ్ళు ఇప్పుడు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరున్నారు. పిల్లలు స్థిరపడి ఉంటారు, రిటైర్మెంటు దగ్గర పడుతూ ఉంటుంది, గ్రాట్యుటీ దూరం నుంచి చెయ్యి ఊపుతూ ఉంటుంది. కింది స్వరాలు పలికే ఊఫరంటే వీళ్ళకి చిన్నచూపు. భక్తంతా పై స్వరాలు పలికే ఆ అంగుళం వెడల్పు బుడిపె, అంటే ట్వీటరు మీదే. అదైనా ఎలా పలుకుతోందని కాదు, దేంతో చేశారని. పట్టు అయితే జాలి, అల్యూమినియం అయితే ఓర్పు, టైటానియం అయితే ఓ చిరునవ్వు. బెరీలియం అయితే చెప్పులు బయట విడిచి రావాలి.

బాబాయి బెరీలియం శాఖ. యమహా వాళ్ళు బెరీలియం బుడిపెలతో ఎన్‌ఎస్-1000 స్పీకరు తెచ్చింది 1974లో. ఘంటసాల పోయిందీ ఆ ఏడే. ఇందులో ఆయనకి ఏదో దైవసంకల్పం కనిపిస్తుంది. అందుకే తన బెరీలియం స్పీకర్లలో పొద్దస్తమానం ఘంటసాల పాటలే వింటాడు. ఆ రోజుల్లో ఫిలిం మీదికెక్కిన శబ్దంలో ఎనిమిది తొమ్మిది వేల హెర్ట్జులు దాటి పెద్దగా ఏమీ ఉండేది కాదు. సంగీతం అక్కడే ఆగిపోతే, ఆ పైన బెరీలియం పలికించేది వట్టి బుసని.

అయితే ఆ లోహంలో సరుకు లేదనడానికి వీల్లేదు. అల్యూమినియం కంటే నాలుగు రెట్లు బిరుసు, బరువేమో మూడింట రెండు వంతులు. బుడిపె ఎంత బిరుసుగా, తేలిగ్గా ఉంటే అంత పై స్థాయిదాకా మొత్తం ఒక్కటిగా కదులుతుంది. ఆ హద్దు దాటాక ఎక్కడికక్కడ వంకర్లు పోయి, గణగణమంటుంది. మామూలు అల్యూమినియం బుడిపెకి ఆ గణగణ 25,000 హెర్ట్జుల చుట్టుపక్కల మొదలవుతుంది. వజ్రంతో చేసిన బుడిపెకైతే 70,000 దగ్గర. మనిషి చెవికి వినిపించేదే లేత వయసులో 20,000 దాకా. కుక్కలు కూడా 45,000 దగ్గర చేతులెత్తేస్తాయి. ఇక వజ్రం తేడా పసిగట్టి మెచ్చుకోవాల్సింది గబ్బిలాలే. పట్టు ముందే వంగుతుంది, నిజమే. కానీ వంగినా మోగదు, తనలో తనే అణిగిపోతుంది. నన్నడిగితే, మంచి చేతిలో పడ్డ పట్టు చెడ్డ చేతిలో పడ్డ బెరీలియాన్ని నోరెత్తనివ్వదు.

ఈ లెక్క బాబాయికి చెప్పబోతే మనవడే తేల్చేశాడు. ఫోనులో 14,000 హెర్ట్జుల కూత పెట్టి, తనే రెండు చెవులూ మూసుకున్నాడు. బాబాయి ప్రశాంతంగా, "ఊఁ, కానివ్వరా, ఇంకా మొదలెట్టలేదేం?" అన్నాడు.

పోనీ ఏ స్పీకరు మోగుతోందో కనబడకుండా తెర కట్టి వినిపిద్దామంటే ఒప్పుకోడు. "కళ్ళకి గంతలు కట్టుకుని పెళ్ళిచూపులకి వెళ్తామా?" అంటాడు. ఆయన భయం ఆయనది. 1994లో హర్మన్ సంస్థలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఒలివ్ కలిసి తమ ఉద్యోగులకే ఈ పరీక్ష పెట్టారు. తెర చాటున మంచి మార్కులు కొట్టేసిన చవక ప్లాస్టిక్ స్పీకరు, తెర తీసి విననిచ్చేసరికి కిందికి జారింది. స్పీకర్లతో బతికేవాళ్ళకే కళ్ళు చెవుల్ని ఏమార్చాయంటే, బాబాయి ఎంత?

ఇంతకీ ఆయన స్పీకర్లు ఎక్కడున్నాయంటారా? హాల్లో నేల మీద, టీవీ బల్లకి అటొకటి ఇటొకటి. కుడిదాని ముందు పిన్ని బియ్యం డబ్బా. పై స్వరాలు టార్చి వెలుగులా సూటిగా పోతాయి, అడ్డమొస్తే అక్కడే ఆగుతాయి. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలన్నది అందుకే. ఆ లెక్కన అంత ఖరీదైన బెరీలియం వినేది బాబాయి ఎడమ మోకాలు. రెండు స్టాండ్లు కొనమంటే, "స్టాండ్లలో ఏముందిరా, వట్టి ఇనుము" అంటాడు.

ఈ మధ్య ఆయన మనసు వజ్రం మీదికి మళ్ళింది. డబ్బు చేతికి రాగానే చెవులకి వజ్రాలు కొంటున్నానని ఫోనులో ఎవరితోనో అంటూంటే పిన్ని చెవిన పడింది. పాతికేళ్ళుగా దుద్దులడుగుతున్న మనిషి. ఆ వారమంతా బాబాయికి కాఫీలో చక్కెర సమంగా పడింది, గుత్తివంకాయ రెండుసార్లు వండింది. కాటలాగు వచ్చాక అసలు సంగతి తెలిసింది. గొడవవుతుందనుకుని మేమంతా బాల్కనీలోకి తప్పుకున్నాం. పిన్ని మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, కొలతలతో సహా పేజీ మొత్తం చదివింది.

"అంగుళం వెడల్పా? కొనండి, కొనండి. మా అన్నయ్యకి తెలిసిన కంసాలి ఉన్నాడు, వెనక మర బిగించి ఇస్తాడు."